ఏడో నంబరు కల్యాణమండపం

మా అక్క పెళ్ళిరోజున మంగళసూత్రాలు మండపం ముందు నుంచే బస్సులో, మగపెళ్ళివారితో మా అందరికీ చేతులూపించి మరీ వెళ్ళిపోయాయి. ఈ ఘనకార్యం వెనక ఉన్న ఇంజినీరును నేనే. నవ్వదలచినవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, తర్వాత ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు.

అప్పటికి నా చేతికి డిగ్రీ వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. కొత్త ఇంజినీరుకీ, కత్తెర దొరికిన చంటిపిల్లాడికీ పెద్ద తేడా ఉండదు. కనబడిన ప్రతిదాన్నీ పట్టికగా కత్తిరించాలనిపించేది. మగపెళ్ళివారు గుంటూరు నుంచి ఒకరోజు ముందే వచ్చి అరసవల్లి లాడ్జిలో దిగారు. ముహూర్తం మర్నాడు పొద్దువాలే వేళకి. "పగలంతా ఖాళీయే కదా బాబూ, మీ వైపు చూడదగ్గవేమున్నాయి?" అని పెళ్ళికొడుకు బాబాయి అడిగారు. పాపం, ఆయనకు నా సంగతి తెలియదు.

దర్శనం, తిండి, నీడ, బస్సు నిలిపే చోటు... అన్నిటికీ మార్కులు వేశాను. ఎక్కువ వచ్చింది పైన, తక్కువ వచ్చింది కింద. ఒకటి అరసవల్లి, రెండు రామతీర్థం, మూడు శ్రీకూర్మం, నాలుగు విజయనగరం కోట, ఐదు కళింగపట్నం తీరం, ఆరు భోగాపురం తీరం. మా వైపు ఎరగని పాఠకులకు ఒక్కమాట: బేసి సంఖ్యలన్నీ శ్రీకాకుళం వైపు, సరిసంఖ్యలన్నీ విజయనగరం వైపు, మధ్యలో నాగావళి. మార్కులు వేసిన మహానుభావుడు పటం మాత్రం చూడలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. జాబితా సంపూర్ణంగా ఉండాలని ఏడో నంబరుగా మా కల్యాణమండపాన్నీ చేర్చాను. ఫ్యాన్లు చప్పుడు చేస్తాయి, బస్సుకు చోటు లేదు అని పక్కనే వివరణ. ఆ మండపం కుదిర్చింది మా మావయ్య. అయితే మాత్రం, మార్కుల దగ్గర బంధుత్వాలేమిటి? కాగితానికి లామినేషన్ చేయించి, డ్రైవరుకు ఇచ్చి, "ఇందులో ఉన్నట్టు తిప్పు" అన్నాను.

డ్రైవరు సింహాచలం సాలూరు మనిషి. ముహూర్తాల రోజుల్లో పెళ్ళిబస్సు, మిగతా ఏడాదంతా లారీ. లారీలో ముందు దించాల్సిన సరుకును ఆఖర్న ఎక్కిస్తారు. కాగితం మీది వరస తప్పితే లోడంతా రోడ్డు మీద పరవాల్సిందే. కాబట్టి సింహాచలం దృష్టిలో ఒకటి తర్వాత రెండు, రెండు తర్వాత మూడు. మధ్యలో ఏ దేవుడు అడ్డమొచ్చినా ఆగడు.

పెళ్ళికొడుకు తప్ప అందరూ తెల్లవారగానే బస్సెక్కారు. పెళ్ళికొడుకు అక్కగారు లాడ్జి తాళాలను నమ్మక, మంగళసూత్రాలను హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని ఎక్కారు.

మధ్యాహ్నం బాబాయిగారికి ఫోన్ చేశాను.

"ఎలా ఉందండీ?"

"బ్రహ్మాండం బాబూ! మీ వైపు నదులెక్కువే. ఇప్పటికి మూడు దాటాం. అన్నీ ఒకేలా ఉన్నాయి, వంతెనలతో సహా!"

మా ప్రాంతాన్ని పొగుడుతున్నారనుకుని పొంగిపోయాను. చదువుకున్నవాడికి అక్కడైనా బుర్ర వెలగాలి కదా. వెలగలేదు.

సాయంత్రమైంది. పెళ్ళికొడుకు ముస్తాబై వచ్చేశాడు. అక్క గదిలోంచి పిలిచింది.

"ఒరే, సూత్రాలు వచ్చాయా?"

"వస్తన్నాయే, దారిలో ఉన్నాయి."

"రాకపోతే ఆ లామినేషన్ నీ మెడలో కట్టిస్తాను!"

అంతలో వీధి మలుపులో బస్సు కనబడింది. సన్నాయి అందుకుంది, డోలు మోగింది. మావయ్య పన్నీరుబుడ్డి ఎత్తి పట్టుకున్నాడు. బస్సు వచ్చింది. మా ముందుకు వచ్చింది. మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. ముహూర్తం లెక్క కూడా నా కాగితంలోనే ఉందన్న ధీమాతో కిటికీల్లోంచి మగపెళ్ళివారంతా ఆప్యాయంగా చేతులూపారు. సన్నాయి మధ్యలో తెగింది.

"ఒరే, ఏటిరా ఇది? ఎక్కడికెళ్తన్నారు?" అన్నాడు మావయ్య, పన్నీరు తన చొక్కా మీదే చల్లుకుంటూ.

అప్పుడు వెలిగింది. "భోగాపురం, మావయ్యా. మనం ఏడోది."

"ఏడోదేటిరా?"

వివరించే సమయం లేదు. మావయ్య బండి తీశాడు, నేను వెనక ఎక్కాను. నాగావళి వంతెన మీద ట్రాఫిక్ ఆగబట్టి గాని, లేకపోతే అక్క పెళ్ళి సముద్రపుటొడ్డున జరిగేది. బస్సు తలుపు పట్టుకుని అరిచాను.

"సింహాచలం, వెనక్కి తిప్పు! ముహూర్తం!"

"తిప్పుతాను బాబూ. ఆరోది అవనీ."

"ఆరోది వద్దు!"

"కాయితంలో ఉన్నాది కదండీ. రేపు మీరే ఆరోది ఎందుకు సూపించలేదంటే ఎవుడు సెప్పాల?"

సరే, కొట్టేద్దామని పెన్ను తీశాను. లామినేషన్ మీద పెన్ను రాయదు. ఆ జాగ్రత్త తీసుకున్నదీ నేనే. చివరికి జేబులోని శుభలేఖ వెనక "ఆరో నంబరు రద్దు. ఏడో నంబరుకు పోవలెను" అని రాసి సంతకం చేశాను. సింహాచలం అది చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, అప్పుడు స్టీరింగు తిప్పాడు.

"ఇది ఐదో నదా బాబూ?" అన్నారు బాబాయిగారు కిటికీలోంచి.

"అన్నీ ఒకటేనండీ" అన్నాను, తత్త్వవేత్తలా.

పొద్దు పూర్తిగా వాలకముందే మూడుముళ్ళూ పడ్డాయి. అందరూ అక్షింతలు వేస్తున్నారు, మావయ్య మాత్రం ఒక మూల నిలబడి, సింహాచలం దగ్గర తీసుకున్న లామినేషన్ కాగితం చదువుతున్నాడు. నెమ్మదిగా నా దగ్గరికొచ్చాడు.

"ఒరే, నా మండపం ఏడోదా? ఫ్యాన్లు సప్పుడు సేస్తాయా?"

నేను జవాబిచ్చాను. ఫ్యాన్ల చప్పుడులో ఆయనకు వినబడలేదు. దేవుడున్నాడు.

పెళ్ళి ఆల్బం తెరిస్తే మొదటి ఫొటోలో వెళ్ళిపోతున్న బస్సు, ఊగుతున్న చేతులు, నోరు తెరిచిన నేను. ఆ ఫొటో సాక్షిగా, అరసవల్లి సూర్యనారాయణస్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట చుట్టాలకు చూపించే ఏ జాబితాకూ నంబర్లు వేయను. బుద్ధి గడ్డితిని వేసినా, ఒకటో నంబరు మావయ్య కుదిర్చిన మండపానిదే.