శాలువా అంచు

మా మాలిక్యులర్ బయాలజీ ప్రొఫెసర్ గారు, ఎవరైనా తన పరిశోధనను పొగిడితే చాలు, కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకునేవారు. శిష్యులం మేమంతా దాన్ని అణకువ అనుకునేవాళ్లం.

నరసరావుపేటలో ఆయనకు సన్మానం చేశాం. మిరపను బొబ్బర తెగులు నుంచి కాపాడే జన్యువు మీద ఆయన రాసిన పేపర్‌కు లెక్కలేనన్ని సైటేషన్లు ఉన్నాయని, దేశదేశాల శాస్త్రవేత్తలు తమ పేపర్లలో దాన్ని ప్రస్తావిస్తున్నారని చెప్పి శాలువా కప్పాం. చప్పట్లు మోగాయి.

వెనక వరసలోంచి కారంపూడి మిరప రైతొకాయన లేచాడు.

"ఇంతమంది రాశారంటున్నారు గదా సారూ, ఆ ఇత్తనం మాకెప్పుడొచ్చిద్ది?"

ప్రొఫెసర్ గారు మైకు అందుకున్నారు.

"రాదు బాబాయ్. ఆ జన్యువు తెగుల్ని ఆపదు. మా ప్రయోగంలోనే పొరపాటు జరిగింది. వాళ్లలో చానామంది నా పేపర్ పేరెత్తింది అది తప్పని చెప్పటానికే. సైటేషన్ల లెక్కలో అవి కూడా కలుస్తాయి."

రైతు ఇంకా కూర్చోలేదు.

"మరి ఏంది సారూ, అది తెలిసి కూడా ఆ శాలువా ఎందుకు కప్పించుకున్నావు?"

ఆయన తల వంచుకుని కళ్లద్దాలు తీశారు. తుడవబోతే చేతికందింది ఆ శాలువా అంచే.