పిడికిట్లో తాళాలు

మా బిడ్డకు కోపం వస్తే ఒక్క కేక వేస్తుంది. ఆ తర్వాత శబ్దం ఉండదు. నోరు తెరిచే ఉంటుంది కానీ ఊపిరి లోపలికి పోదు. పెదాలు నీలంగా మారి, కళ్లు తేలేసి, మెత్తగా వాలిపోతుంది. కాసేపటికి గట్టిగా ఊపిరి తీసుకుని మళ్లీ ఏడుపు అందుకుంటుంది. ఆ కాసేపు ఎంతసేపో నాకు తెలియదు. అప్పుడు గడియారం చూసే తల్లి ఎవరైనా ఉంటే నాకు చూపించండి.

మొదటిసారి అలా అయినప్పుడు దానికింకా ఏడాది నిండలేదు. భీవండిలో మరమగ్గాల మీద పనిచేసే మా ఆయనతో వీడియో కాల్ మాట్లాడుతున్నాం. ఇక చాలని దాని చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను, అంతే. నా అరుపు విని అత్తమ్మ వంటింట్లోంచి ఉరికొచ్చింది. గోడ మేకుకున్న తాళాల గుత్తి తీసి బిడ్డ పిడికిట్లో పెట్టి, తన రెండు చేతులతో గట్టిగా మూసింది.

"ఫిట్స్ గివి! ఇనుము పట్టియ్యాలె, ఇనుము!" అని అరిచింది.

ఊపిరి వచ్చింది. మా వైపు ఎవరు మూర్ఛతో పడిపోయినా చేతిలో తాళాలు పెడతారు. బస్టాండులో కూడా చూశాను. ఆ క్షణంలో ఊపిరి వచ్చిందంటే చీపురు కట్ట పెట్టినా నేను నమ్మేదాన్నే.

మరునాడు పిల్లల డాక్టరుకు చూపించాం. ఇవి ఫిట్స్ కావు, కొందరు పిల్లలు కోపానికి ఊపిరి బిగపడతారు, దానంతటదే వస్తుంది, పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఏడుస్తుందని అడిగిందల్లా ఇవ్వకండి అన్నాడు. రక్తం కాస్త తక్కువగా ఉందని ఐరన్ టానిక్ రాశాడు. దవాఖాన మెట్లు దిగుతూనే అత్తమ్మ, "సూసినవా, డాక్టర్ గూడ గదే చెప్పిండు. ఇనుమే!" అంది. నేను పగలబడి నవ్వాను. ఆ తర్వాత చాలా రోజులు నాకు నవ్వే తీరిక దొరకలేదు.

డాక్టరు మాట చెవిలో ఉంది, తాళాలు నడుముకున్నాయి. బిడ్డ గొంతు పెంచితే చాలు, గుత్తి తీసి దాని చేతిలో పెట్టేదాన్ని. అది తెలివైన పిల్ల. తాళాలు కావాలంటే ఏడవాలని తొందరగానే నేర్చుకుంది. బయటికి పోతూ గుత్తి అడిగితే మళ్లీ నీలం. మందు అనుకున్నదే కొత్త రోగమై కూర్చుంది.

మా ఇంట్లో 'వద్దు' అనే మాట మాయమైంది. అన్నం కంచం బోర్లించినా పోనియ్యి అన్నాం, టీవీ మీద పప్పు పూసినా పోనియ్యి అన్నాం. నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని. మా ఆయన ఫోన్‌లో, "ఏడిపియ్యకు దాన్ని" అనేవాడు. "నువ్వొచ్చి సాకు, ఎట్ల సాకుతవో సూస్త" అని కట్ చేసేదాన్ని. కోపం ఆయన మీద కాదు. ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఊపిరి రాకపోతే ఏం చెయ్యాలన్న భయం అది.

బిడ్డకు రెండేళ్లు నిండవస్తున్నాయి. ఒకరోజు అత్తమ్మ పెళ్లికని అక్కన్నపేట పోయింది. మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టింది. ఆరేసిన బట్టలు తీసుకొద్దామని బిడ్డ చేతిలో గుత్తి పెట్టి బయటికి వచ్చాను. గాలికి తలుపు దభాలున పడింది. మా కిరాయి ఇంటి తలుపు మూసుకుంటే దానంతటదే తాళం పడుతుంది, బయటినుంచి తాళం చెవి ఉంటే తప్ప తెరుచుకోదు. చెవి బిడ్డ దగ్గర. ఫోన్ లోపల. పైన ఉండే ఇంటివాళ్లు ఊళ్లో లేరు. గల్లీలో కేకేస్తే పలికే మనిషి లేడు.

కిటికీ దగ్గరికి పరుగెత్తాను. "బిడ్డా, గవి అమ్మకియ్యి" అన్నాను. గుత్తిని వీపు వెనక దాచుకుంది. అడిగినవాళ్లందరూ లాక్కున్నవాళ్లే కదా. "నా బంగారం, గిటు రా, అమ్మకియ్యి." తల అడ్డంగా ఊపింది. బతిమాలాను, ముద్దు చేశాను, చివరికి నా భయమే నా గొంతులోంచి అరిచింది: "ఇయ్యమంటున్న గద!"

నా నోట అట్లాంటి అరుపు బిడ్డ ఎన్నడూ వినలేదు. ఒక్క కేక వేసి నేల మీద ఒరిగిపోయింది. ఆ తర్వాత శబ్దం లేదు.

ఊచల మధ్య నుంచి భుజం దాకా చెయ్యి పెట్టాను. కిటికీ కింది మంచం దాటి అందలేదు. పెదాలు నీలమవుతున్నాయి. పిడికిట్లో తాళాలు బిగుసుకుని ఉన్నాయి. ఇనుము దాని చేతిలోనే ఉంది, ఊపిరి మాత్రం లేదు. ఇన్నాళ్లూ నేను పట్టుకుని వేలాడిన ధైర్యం ఏ పనికీ రాకుండా నా కళ్లముందే పడి ఉంది. "దానంతటదే వస్తది, దానంతటదే వస్తది" అని డాక్టరు మాటే దేవుడి పేరులా జపించాను. నాకే నమ్మకం కలగలేదు.

దాని ఛాతీ లేచింది. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ ఏదీ ఇవ్వలేదు. ఊపిరి వచ్చింది, వెనకే ఏడుపు వచ్చింది.

అప్పుడు నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఒక చేత్తో ఊచ పట్టుకుని నోరు తెరిచి బావురుమన్నాను. నన్ను చూసి బిడ్డ ఏడుపు ఆపేసింది. మెల్లగా లేచి, మంచం ఎక్కి, నా ముఖంలోకి చూసింది. లోపలికి పెట్టిన నా చేతిని పట్టుకుంది. అరచేతిలో తాళాల గుత్తి పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే ముడిచి, పైన తన రెండు చేతులు వేసి గట్టిగా మూసింది, అచ్చం వాళ్ల నాయనమ్మ చేసినట్లు.

ఆ తర్వాత నా నోటి వంకే చూస్తూ కదలకుండా నిలబడింది. అది భయపడుతోందని తెలిసి, ఏడుపు ఆపి, దానికి వినపడేలా గట్టిగా ఊపిరి తీసుకున్నాను.