దీక్ష చెడగొట్టిన లింగం పాట

మా లింగం గిటారు వాయిస్తాడంటే పటాన్‌చెరులో ఎవరూ నమ్మేవారు కాదు. విన్నాక అసలే నమ్మేవారు కాదు. పాత సామాన్లమ్మే జుమ్మేరాత్ బజార్‌లో కొన్న ఆ గిటారుకు ఆరు తీగల్లో నాలుగే మిగిలాయి. సినిమా పాట రాదనేవాడు. సొంతంగా కట్టినవే పాడేవాడు, అవీ పెద్ద సంగతుల మీద కాదు, దొరకని బస్సు మీద, తెగిన చెప్పు మీద. గొంతు అంతంతమాత్రమే. కానీ పాడుతుంటే మన ఇంటి సంగతి మనకే చెప్తున్నట్టుండేది, కళ్లు తడిసేవి. డ్యూటీకి పోయేవాణ్ణి ఏడిపించడమేంటని నాకు కోపం కూడా వచ్చేది.

తొంభై నాలుగు ఎండాకాలంలో మా మందుల ఫ్యాక్టరీలో క్యాంటీన్ కోసం గొడవ మొదలైంది. రెండు వందల మందిమి ప్రహరీ గోడ నీడలో, ఫ్యాక్టరీ మురుగు పారే మోరీ పక్కన కూర్చుని తినేవాళ్లం. ఏ కూర తెచ్చుకున్నా మందు వాసనే. ఎన్ని కాగితాలిచ్చినా పైవాళ్లు కదల్లేదు. యూనియన్ లీడర్ సత్తయ్య గేటు ముందు టెంటు వేయించి రిలే నిరాహార దీక్ష పెట్టాడు. రోజుకు ఐదుగురు, పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా పస్తు. ఒక్కరోజు చెడినా ఇక క్యాంటీన్ మాట మరిచిపోవాల్సిందేనని హెచ్చరించాడు. మొదటిరోజు ఐదుగురిలో నేనొకణ్ణి. మాకు హుషారు కోసం, మాతో పనిచేసే లింగాన్ని పక్కన పాటకు కూర్చోబెట్టాడు. అంతకంటే బుద్ధితక్కువ పని ఆయన జన్మలో చేసి ఉండడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు లింగం పాట ఎత్తుకున్నాడు. భార్య కౌసల్య మీద కట్టింది.

"జొన్నరొట్టె కాల్చి నీ చేతులు కాలె కౌసల్యా,
గోడపొంటి కూసుండి నేను తింటి కౌసల్యా..."

పొయ్యి ఊదడం, రొట్టె తట్టే చప్పుడు, నంజుకునే ఉల్లిగడ్డ, ఒక్కటీ వదల్లేదు. మూడో చరణానికి మాతో దీక్షలో కూర్చున్న యాదన్న వెక్కివెక్కి ఏడ్చాడు. నాలుగో చరణానికి లేచిపోయి, గోడ దగ్గర తింటున్నవాళ్ల డబ్బా లాక్కున్నాడు. యాదన్న తింటుంటే నేనెందుకు ఆగుతాను? పది నిమిషాల్లో ఐదుగురం ఏడుస్తూ తింటున్నాం. సత్తయ్య తల పట్టుకున్నాడు.

మేడమీద కిటికీలోంచి అంతా చూసి మేనేజరు దిగివచ్చాడు. కేరళ మనిషి, ఆరేళ్లుగా కిరాయి గదిలో ఒంటరిగా ఉంటూ మెస్సు అన్నం తింటున్నాడు. మా పని అయిపోయిందనుకున్నాను. పాటలో ఏముందని అడిగితే సత్తయ్య వచ్చీరాని హిందీలో కసిగా చెప్పాడు. మేనేజరు మళ్లీ పాడించుకున్నాడు. తర్వాత మోరీ పక్కన మా మధ్యే కూర్చుని రొట్టెముక్క తుంచుకున్నాడు. ఆ వాసనకు ముద్ద దిగక చాలాసేపు మోరీ వైపే చూశాడు. పైవాళ్లకు ఏం ఫోన్ చేశాడో తెలియదు, రెండు నెలల్లో రేకుల షెడ్డు లేచింది. అది తన దీక్ష విజయమేనని సత్తయ్య ఇప్పటికీ చెప్పుకుంటాడు.

క్యాంటీన్ తెరిచినరోజు వేడివేడి అన్నం, పప్పు. అందరం లైను కట్టాం, లింగం లేడు. వెతికితే ఎప్పటి గోడ దగ్గరే డబ్బా విప్పుకుని కూర్చున్నాడు.

"పాట సంగతి కౌసల్యకు ఎరుకైందన్నా. నా రొట్టె మీద పాట కట్టినోనికి క్యాంటీన్ బువ్వ ఎట్ల దిగుతదని ఇయ్యాల ఇంకో రొట్టె ఎక్కువ పెట్టింది" అన్నాడు.

ముట్టుకుని చూశాను. రొట్టె రాయిలా ఉంది. ఇంత గట్టిగా ఉందని ఆమెకు నిజం చెప్పొచ్చు కదా అన్నాను.

"పన్నెండేండ్లల్ల నవ్వుకుంట డబ్బా కట్టుడు గిదే మొదలు. ఎట్ల చెప్పాలె?"

నవ్వొచ్చింది. నా పళ్లెం తెచ్చుకుని అతని పక్కనే కూర్చున్నాను. అన్నం అతనికి పెట్టి, రొట్టెలు రెండూ నేనే తిన్నాను. కౌసల్యకు ఖాళీ డబ్బా పోవాలి కదా.