రెండు ఆసుపత్రుల మనిషి

మా తమిళనాడులో ప్రభుత్వం మారితే ముందుగా గోడల మీద బొమ్మలు మారతాయి. ఆ వెనకే పేదల వైద్య బీమా కార్డు మీద బొమ్మ మారుతుంది, పథకం పేరు మారుతుంది. చూసేవాళ్లకు అదొక తమాషా. ఆసుపత్రుల్లో కంప్యూటర్ వ్యవస్థలు పెట్టి, వాటిని కనిపెట్టుకుని ఉండే మాకు మాత్రం నెత్తిన పిడుగు. కొత్త కార్డుకు తగ్గట్టు అన్నీ మార్చమని వేలూరు నుంచి తిరుపత్తూరు దాకా ఆసుపత్రులన్నీ ఒకే వారంలో మీద పడతాయి. పెద్దవి మా కంపెనీని పిలుస్తాయి. చిన్న నర్సింగ్ హోములు మా మనుషుల్నే విడివిడిగా, చాటుగా పిలుచుకుంటాయి. మా ఆఫీసులో సగం మంది రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లేనని నా అనుమానం. అడిగితే అందరూ కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లులే.

నా కింద పనిచేసే ఒక కుర్రాడి మీద మాత్రం నాకు ఆ అనుమానం ఎన్నడూ రాలేదు. అతనికి పని నేర్పింది నేను. ఇద్దరిదీ గుడియాత్తం బజారే, ఇద్దరివీ తెలుగు మాట్లాడే అంగడి కుటుంబాలే. అతనికి తెలుగు అక్షరం ముక్క రాదు. నేనైతే పెద్దయ్యాక పంతం పట్టి నేర్చుకున్నాను. ఆఫీసులో మేమిద్దరం తెలుగులో మొదలుపెట్టి అరవంలో ముగించే మాటలకు మిగతావాళ్లు నవ్వేవాళ్లు. నన్ను అక్కా అని పిలిచేవాడు. నా కోపం ఎరిగి కూడా నాతో వాదించే మనిషి అతనొక్కడే.

మా ఇళ్లల్లో గడప దాటేవాళ్లు ఎవరూ ‘పోతాను’ అనకూడదు. అంటే పెద్దవాళ్లు వెనక్కి పిలిచి కూర్చోబెట్టి, మళ్లీ ‘పోయొస్తా’ అనిపించి పంపిస్తారు. వేలూరు ఆసుపత్రిలో పని చేసేటప్పుడు, నర్సులు కంప్యూటర్ నుంచి బయటికి వచ్చే బటన్ మీద అతను తమిళంలో ‘పోయి వస్తా’ అని రాసి పెట్టాడు. రోగుల మధ్య పోతాను అనే మాట ఎందుకక్కా అన్నాడు. మా ఆఫీసు పెద్దాయన చిరాకుపడ్డాడు కానీ నర్సులు ఆ బటన్ మార్చనివ్వలేదు. అలాంటి బటన్ ఇంకెక్కడా లేదని నేను గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఈసారి కార్డు మారిన వారంలోనే మా పిన్నమ్మకు తల తిరిగి పడిపోయిందని కబురొచ్చింది. సెలవు పెట్టి గుడియాత్తం పోయి, బజారు వెనకున్న నర్సింగ్ హోముకు తీసుకుపోయాను. అక్కడ కంప్యూటర్ మొరాయించిందట, రక్తపరీక్ష రిపోర్టు రావడం లేదు. పిన్నమ్మ చెయ్యి చల్లగా ఉంది. నాకు భయంగా ఉంది. కౌంటర్లో అమ్మాయి విసుగ్గా తెరను నా వైపు తిప్పి, చూడండి ఇలా ఆగిపోయిందని చూపించింది. తెర మూలన తమిళంలో ‘పోయి వస్తా’ అని ఉంది.

ఒక్క క్షణం నేను చదివింది నేనే నమ్మలేదు. ఆ పొద్దున అతను ఒళ్లు కాలిపోతోందని, ఇంట్లో నుంచే వేలూరు పని ముగిస్తానని చెప్పాడు. ఆ పని ఆషామాషీది కాదు. ఏ రోగికి ఏ మందు పడదో ఆ వ్యవస్థలో రాసి ఉంటుంది. పడని మందు ఇవ్వబోతే తెర మీద ఎర్రగా హెచ్చరిక వస్తుంది. కొత్త కార్డు ఎక్కించేటప్పుడు ఆ హెచ్చరికను కాసేపు ఆపాలి. ఆపే ముందు వార్డులకు చెప్పాలి. అప్పుడు నర్సులు సొంతంగా అడిగి, కాగితాలు చూసి మందు ఇస్తారు. చెప్పకపోతే, ఎరుపు రాలేదు కాబట్టి ఫరవాలేదనుకుంటారు.

అప్పుడే వేలూరు వార్డు నుంచి పెద్ద నర్సు ఫోన్. ఆమెది అణైకట్ వైపు, మన తెలుగు మనిషే.

“అమ్మా, ఆపరేషనై ఇంకా మత్తులో ఉండే ఆయమ్మకు సూదిమందు వేసినాము. ఒళ్లంతా దద్దుర్లు లేస్తుండాయి, ఊపిరాడలేదు. డాక్టరు చూస్తుండారు. మిషన్లో ఏమీ రాలేదే. మిగతావాళ్లకు ఏమిచ్చేది మేము?”

ఎవరికీ ఏమీ ఇవ్వొద్దని చెప్పి, వెంటనే అతనికి ఫోన్ చేశాను. ఫోన్ మోగింది. నా చెవిలో ఒకసారి, కౌంటర్ వెనక చెక్క తలుపు అవతల ఒకసారి. తలుపు అవతల మోత ఠక్కున ఆగిపోయింది.

తలుపు తోశాను. లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. జ్వరమూ లేదు, ఏమీ లేదు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఐదు నిమిషాల్లో ముగిద్దామని వార్డులకు చెప్పకుండా హెచ్చరిక ఆపాడట. అంతలో ఇక్కడి డాక్టర్ కబురు పెడితే సగంలో లేచి వచ్చాడట. తమ ఇంట్లో ఆడవాళ్లందరికీ పురుడు పోసిన మనిషి పిలిస్తే రానని ఎలా అంటానన్నాడు. ఊరికే చేయడం లేదని, జీతం కూడా తీసుకుంటున్నానని తనే చెప్పాడు. నాకు వినే ఓపిక లేదు. పిన్నమ్మను తీసుకొచ్చానని చెప్పి, ముందు వేలూరు సరిచెయ్యమన్నాను.

“ఇది విప్పి పెట్టినానక్కా. ఇప్పుడు ఒదిలేస్తే మీ పిన్నమ్మ రిపోర్టు రాదు.”

“ఆయమ్మ ఊపిరాడక పడుండాది. చెయ్యప్పా ముందు.”

చెప్పనైతే చెప్పాను. పిన్నమ్మకు ఏమైనా అయితే అది నా నోటి మాట వల్లే. అతను ఇక్కడి పని అలాగే వదిలి వేలూరు వ్యవస్థ తెరిచాడు. హెచ్చరిక తిరిగి వచ్చిందని వేలూరు నుంచి చెప్పేదాకా నేను కూర్చోలేదు. ఇక్కడి పరీక్షల మనిషి రిపోర్టు చేత్తో రాసి తెచ్చిచ్చాడు. పిన్నమ్మకు చక్కెర పడిపోయింది, అంతే. ఇన్నాళ్లుగా నాకెందుకు చెప్పలేదని అప్పుడు అడిగాను. చెబితే మానమంటావు కదక్కా అన్నాడు. లాగి కొట్టాలనిపించింది.

ఇంతలో మా పెద్దాయన అతనికి ఫోన్ చేశాడు. నా ఎదురుగానే, ఇంట్లో నెట్ పోయింది సార్ అన్నాడు. మా తమ్ముణ్ణి పిలిచి పిన్నమ్మ దగ్గర ఉంచి, అతన్ని బస్సెక్కించి వేలూరు తీసుకుపోయాను.

వార్డుకు చేరేసరికి మందు పడని ఆ రోగికి గండం గడిచింది. ముఖం ఇంకా ఉబ్బే ఉంది. అతను పెద్ద నర్సు ముందు నిలబడి, పొద్దున తానెక్కడ ఉన్నాడో చెప్పాడు. ఆమె అరవలేదు.

“రెండు చోట్ల పని చేసేది తప్పని నేననను నాయనా. డ్యూటీ దిగినాక నేనూ మా ఊరి పక్క ఇండ్లకు పోయి కట్లు కడతాను. ఈడ అందరికీ తెలుసు అది. నువ్వు మిషన్లో ఆ ఎరుపు ఆపేసి పోయినావని ఒక్క మాట తెలిసుంటే, మత్తియ్యక ముందే ఆయమ్మనే అడిగుందుము. ఆయమ్మ నోటితో చెప్పుండును.”

అప్పుడే మంచం చుట్టూ కట్టిన తెర పక్కనుంచి ఆ రోగి భర్త బయటికి వచ్చాడు. తోళ్ల ఫ్యాక్టరీలో పనివాడు, నాట్రంపల్లి దగ్గర ఊరు. మిషన్ బాగు చేసింది ఈయనేనని ఎవరు చెప్పారో, దగ్గరికొచ్చి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. మీ పుణ్యమే అన్నాడు అరవంలో.

ఊరుకుంటాడనుకున్నాను. ఊరుకుని ఉంటే నేను అతనితో మళ్లీ మాట్లాడేదాన్ని కాదు. అతను ఆ చేతులు పట్టుకుని కిందికి దించి, మిషన్‌ను ఆపి వెళ్లింది కూడా తానేనని అరవంలోనే చెప్పాడు. ఆయనకు అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది.