కొబ్బరినీళ్ళు తాగిన అంబాసిడర్

మోకాళ్ళు మొరాయించాక మా బాపు పచ్చ అంబాసిడర్‌ను అమ్మేస్తానన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నేను పుట్టకముందు నుంచి మా ఇంట్లో ఉన్న బండి అది. నేను డ్రైవింగు నేర్చుకున్నదీ దాని మీదే. "నాకియ్యి బాపూ" అంటే, "నడిపేటోళ్ళు మస్తు మంది బిడ్డా, సూసుకునేటోళ్ళేరి? తొవ్వల ఆగితే ఏం జేస్తవ్? నాకు ఫోన్ జేస్తవ్" అన్నాడు. వారం రోజులు పోట్లాడాక ఒక షరతు పెట్టాడు. "ఆదివారం శామీర్‌పేట, మేడ్చల్ చుట్టు తిప్పుకొని రా. సాయంత్రం ఐదింటికి సికింద్రాబాద్ నుంచి కొనేటాయన వస్తుండు. గా లోపల బండి తనంతట తాను ఇంటికొస్తే నీది. తాడు గట్టి గుంజుకొచ్చినా, నాకు ఫోన్ జేసినా ఆయనది." ఇది 2012 చలికాలం మాట. ఈ దారిలో ఇప్పుడు పోదామనుకునేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

పొద్దున ఎనిమిదిన్నరకు మచ్చ బొల్లారం నుంచి బయలుదేరాం. ఐదువందల పెట్రోలు పోయించాను. వెనక సీట్లో మా అమ్మ పూజబుట్ట ఒళ్ళో పెట్టుకుని మహారాణిలా కూర్చుంది. హకీంపేట, తూంకుంట దాటి ఎడమకు తిరిగితే దేవరయాంజాల్. నిదానంగా నడిపినా ముప్పావుగంటలో చేరుకున్నాం. బస్సులో వచ్చేవాళ్ళు తూంకుంటలో దిగి ఆటో ఎక్కాలి. పాత సీతారామస్వామి గుడి చూడాలంటే పొద్దున్నే వెళ్ళండి. ఆ రాతి మంటపంలో ఎవరూ మాట్లాడకుండా ఒక అరగంట కూర్చోవచ్చు. దర్శనమయ్యాక నేను సీసాలో నీళ్ళు పట్టడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అమ్మ బానెట్ మూసి, కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. "ఏం చేశావమ్మా?" అంటే, "బండి పూజ జేసిన. అయిపోయిందిగ, ఇగ నడువ్" అంది. నేనూ పట్టించుకోలేదు.

మళ్ళీ పెద్ద రోడ్డెక్కాక బండి దగ్గడం మొదలుపెట్టింది. చలికేమో అనుకుని, నాకు నేనే సర్దిచెప్పుకుని శామీర్‌పేట చెరువు దాకా తోలాను. అక్కడ కట్ట పక్కన వేయించిన చేపలు వాసనతోనే చంపేస్తున్నాయి. "గుడికి పోయొచ్చి చేపలేంది, సిగ్గులేకుంట" అని అమ్మ కసిరింది. ఉడకబెట్టిన పల్లీలు పది రూపాయలవి కొనుక్కుని తిన్నాం. నీళ్ళ మీద ఎండ, కొంగలు, చల్లటి గాలి. అక్కడే ఇంకో గంట ఉంటే బాగుండనిపించి, పైకే అనేశాను. అలాంటి మాట నోట్లోంచి రాకూడదు. పన్నెండింటికి తాళం తిప్పితే ఇంజను గిరగిరా తిరుగుతోంది గానీ అంటుకోదు.

బ్యాటరీ బాగుంది. పెట్రోలుంది. పది నిమిషాలు ఆగి మళ్ళీ ప్రయత్నించాను. తుర్కపల్లి కంపెనీ క్యాబులో పోతున్న ముగ్గురు కుర్రాళ్ళు దిగి తోశారు. ఉహూ! "మేడం, తాడు కట్టుకుని పోవాలి" అన్నారు. ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది. రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకుని మళ్ళీ సంచీలో పడేశాను. పల్లీలమ్మే ఆమె మా అవస్థ చూసి, "యూసుఫ్ చాచాను పిలుస్త ఉండక్కా. చేన్లకు మందు గొట్టే పంపులు, పాత స్కూటర్లు బాగుజేస్తడు" అని కబురంపింది.

తెల్లగడ్డం, చేతిలో రేకు డబ్బా. చాచా వచ్చి బండిని ముట్టుకోలేదు. ముందు నన్నడిగాడు. "మంచిగ నడిచింది ఆఖరుసారి ఎప్పుడు? దాని తర్వాత ఏం జేసిండ్రు?"

"గుడిదాకా బాగానే నడిచింది. తర్వాత ఏం చేయలేదు" అన్నాను.

"పరేషాన్ గాకు బేటీ. నేను చెప్త, నువ్వు చెయ్యి" అన్నాడు. మీరే చేయొచ్చు కదా అంటే, "బండి నీదా, నాదా?" అన్నాడు. నేనే బానెట్ లేపాను.

తాళం తిప్పడానికి అమ్మను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాం. ఇన్నేళ్ళలో ఆ సీట్లో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. నేను పొడిగుడ్డ నాలుగు మడతలు పెట్టి, ఒక ప్లగ్గు వైరు ఊడదీసి ఇంజను ఇనుముకు దగ్గరగా పట్టుకున్నాను. అమ్మ తిప్పింది. నిప్పురవ్వ లేదు. తర్వాత కరెంటు పుట్టించే కాయిల్ నుంచి వచ్చే నడిమి వైరు పట్టుకోమన్నాడు. ఈసారి టప్పుమని నీలం రవ్వ దూకింది. భయంతో అరిచేశాను.

"శభాష్! కాయిల్ జిందా ఉంది. కరెంట్ వస్తాంది, పంచేటోడు పంచుతలేడు" అన్నాడు చాచా. పంచేవాడంటే నాలుగు ప్లగ్గులకూ కరెంటు పంపే డిస్ట్రిబ్యూటర్. దాని నల్లమూతకున్న రెండు క్లిప్పులు నాతోనే విప్పించాడు. లోపల తడి, జిగట. చాచా వాసన చూసి కనుబొమ్మలు ముడిచాడు. నేనూ చూశాను. కొబ్బరినీళ్ళు!

ఇద్దరం ఒక్కసారే బానెట్ పక్కనుంచి తొంగి అమ్మను చూశాం. అమ్మ చెరువు వైపు చూస్తోంది.

"ఇంజన్ల కొబ్బరినీళ్ళెవరన్నా పోస్తారామ్మా!" అని గయ్యిమన్నాను. అమ్మ దిగొచ్చి, "అందరు ముందట కొడ్తరు, లోపల కష్టపడేదానికి ఎవ్వరు పొయ్యరు. గుండెకు జెయ్యక ముక్కుకు జేస్తరా పూజ? బండి మనింట్లనే ఉండాలని మొక్కిన" అంది. అంటూనే కొంగుతో బండి లైటును తుడవసాగింది. ఆ బండి అమ్మకూ కావాలని నేనెప్పుడూ అడిగిన పాపాన పోలేదు. నా కోపమంతా దిగిపోయి, సిగ్గేసింది.

"అమ్మ మొక్కిన దువా తప్పు గాదు, పోసిన జాగ తప్పు" అన్నాడు చాచా. అంతే, అమ్మ ఫక్కున నవ్వేసింది. మూతను, వైర్ల కొనలను పెట్రోలు గుడ్డతో తుడిపించి, గంటసేపు ఎండలో ఆరబెట్టించాడు. రెండింటికి తాళం తిప్పగానే బండి అంటుకుంది. ఎంతివ్వాలంటే "చేసింది నువ్వు" అని నవ్వాడు. వంద బలవంతంగా జేబులో పెడితే, బదులుగా తన డబ్బాలోంచి ఒక పొడిగుడ్డ తీసిచ్చాడు. చేతికి నూనె అంటకుండా అంత పెద్ద పాఠం చెప్పిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

శామీర్‌పేట నుంచి మేడ్చల్ అరగంట దారి. రెండు వైపులా కూరగాయల తోటలు, మధ్యలో ఔటర్ రింగు రోడ్డు. మేడ్చల్‌లో చాయ్ తాగి, కొంపల్లి మీదుగా ఇల్లు చేరేసరికి నాలుగూ నలభై. మొత్తం యాభై చిల్లర కిలోమీటర్లు. కొనేటాయన అప్పటికే వచ్చి కూర్చున్నాడు. బాపు కర్ర పొడుచుకుంటూ వచ్చి, బానెట్ లేపి చాలాసేపు చూసి మూశాడు. "ఏది, సారుకు ఒక్కసారి స్టార్ట్ జేసి సూపియ్యి" అన్నాడు.

తిప్పాను. ఇంజను తిరుగుతోంది, అంటుకోవడం లేదు. మళ్ళీ తిప్పాను, అదే తంతు. కొనేటాయన గడియారం చూసుకున్నాడు. అప్పుడు చాచా మాట గుర్తొచ్చింది. మంచిగ నడిచింది ఎప్పుడు? ఇప్పుడే. దాని తర్వాత ఏం జేసిండ్రు? బాపు బానెట్ లేపిండు! దిగి, బానెట్ తెరిచి చూస్తే కాయిల్ నడిమి వైరు ఊడి వేలాడుతోంది. చాచా గుడ్డతో తుడిచి, గట్టిగా నొక్కి, వచ్చి తిప్పాను. అంటుకుంది.

"బాపూ, నువ్వే పీకావా!" అని అరిచాను. ఆయన నా వైపు చూడనే లేదు. "ఏమనుకోకుండ్రి సారూ, చాయ్ తాగి పోండ్రి. బండి అమ్ముతలేను" అన్నాడు.

పనితనమంటే విప్పడమే అనుకునేదాన్ని. అడగడమే పనితనమని ఒక ముసలాయన చెరువుగట్టున నేర్పాడు. బండికే కాదు, మనుషులకూ ముందు ఆ ప్రశ్నే వేయాలని ఇప్పుడు అనిపిస్తుంది. అమ్మను నేను అడిగి ఉంటే ఆ వారం బాపుతో ఇద్దరం కలిసే పోట్లాడేవాళ్ళం. పాత బండిలో వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: ఒక పొడిగుడ్డ దగ్గరుంచుకోండి, కొబ్బరికాయ చక్రం ముందు నేల మీదే కొట్టండి. మా అమ్మ ఇప్పటికీ ప్రతి ప్రయాణానికీ కొడుతుంది. కొట్టేముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టి గట్టిగా నొక్కి చూస్తుంది, మూసి ఉందో లేదో.