వెనక చూసే అమ్మాయి

అమెరికాలో, చాండ్లర్‌లో మా స్నేహితుడి కూతురు ఉండేది. మ్యూజియంలో పాత ఫొటోలు పరీక్షించడం ఆమె ఉద్యోగం. ఏ ఫొటో చేతికిచ్చినా ముందు తిరగేసి, వెనక వాసన చూసేది.

నా దగ్గర వెలుగునీడల గీతలు తప్ప ఏమీ కనిపించని ఫొటో ఒకటుంది. అది తొంభై ఏళ్లనాటిదని, పారిస్ వేలంలో ముగ్గురితో పోటీపడి కొన్నానని ఊరంతా చెప్పాను. సరే, ఒప్పుకుంటున్నాను. కొన్నది ఎవరో ఇంటిముందు పాత సామాన్లు అమ్ముకునే గరాజ్ సేల్‌లో. అడ్డుపడింది మా ఆవిడ ఒక్కతే.

దాన్ని మా తెలుగువాళ్ల ఎగ్జిబిషన్‌లో పెడతానన్నాను. కింద చీటీ రాయాల్సింది ఈ అమ్మాయే. నా పరువు ఆమె చేతిలో పడింది.

యూవీ టార్చ్ వేస్తే కాగితం నీలంగా మెరిసింది. "ఇది అంత పాత పేపర్ కాదు అంకుల్." తిరగేసి, గోధుమరంగు మరకల వాసన చూసింది. "పారిస్‌లో అల్లం టీ తాగేవాళ్లా? పాలు కూడా పోశారు!"

"పాతగా కనిపించాలని పూయడానికి మీ ఆంటీ పెట్టిన టీయే దొరికిందమ్మా. నిజమే రాయి, కాస్త చిన్న అక్షరాల్లో."

పెద్ద అక్షరాల్లో రాసింది: "ఫొటో తీసినవారు తెలియదు. మరకలు అంకుల్‌వి, పోయిన వారం."

ఎగ్జిబిషన్ రోజు దాన్ని రెండు వందలమంది చూశారు. సరే, పన్నెండుమంది. పన్నెండుమందీ తిరగేసి వాసన చూశారు.