తీగలు వాళ్లకి, రాత మాకు

గుణుపూర్‌లో మోటారు పంపులకి వైండింగ్ చేసే తిరుమలరావుకి ఇద్దరు పిల్లలు. పెద్దది రోజారమణి, చిన్నవాడు గిరీష్. చిన్నప్పుడు ఒకసారి ఇద్దరూ తండ్రి పనిచేసే షెడ్డులో ఒకే తీగ పట్టుకున్నారు. ఇద్దరికీ కరెంటు కొట్టింది. తండ్రి గిరీష్‌ని దగ్గరికి తీసుకుని, “బెదిరిపోయేవేటిరా? సూడు, ముందీ స్విచ్చి ఆపాల” అని చూపించాడు. కూతురి వీపు మీద ఒకటి వేసి, “నీకిక్కడేటమ్మీ పని? లోపలికెల్లి అమ్మకి సాయం సెయ్యి” అని తరిమేశాడు.

తర్వాత గిరీష్ షెడ్డులోనే పెరిగాడు. రోజారమణి పుస్తకాల్లో పెరిగింది. ఆమె రాత ముత్యాల్లా ఉండేది.

ప్లస్ టూ ల్యాబ్‌లో మగపిల్లలు తీగలు కలిపేవారు, మీటరు చూసి అంకెలు చెప్పేవారు. ఆడపిల్లలు రికార్డు రాసేవారు, బొమ్మలు గీసేవారు. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు.

ప్రాక్టికల్ పరీక్షనాడు మాత్రం ఎవరి బల్ల వాళ్లదే. థియరీలో రోజారమణి క్లాసుకే ఫస్టు. పుస్తకంలో బొమ్మంతా కళ్లముందే ఉంది, చేతులకే ఏమీ తెలియదు. స్క్రూ ఎటు తిప్పితే వదులవుతుందో కూడా తెలియలేదు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ నవ్వి, “పర్లేదమ్మా, ఆడపిల్లలకి థియరీయే బలం” అని పాసు మార్కులు వేశాడు. ఫెయిలు చేసినా ఆమెకి అంత మండేది కాదు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, “నాన్నా, నాకెందుకు నేర్పనేదు?” అని అడిగింది.

తిరుమలరావు నిజంగానే ఆశ్చర్యపోయాడు. “నువ్వెప్పుడడిగేవమ్మీ? నీకు సదువంటే ఇష్టం, ఆడికి మోటార్లంటే ఇష్టం.”

వీపు మీద వేసిన దెబ్బ ఆయనకి గుర్తే లేదు. రోజారమణి కంచం తీసి గోడకేసి కొట్టింది.

బీఎస్సీ, బీఎడ్ చేసి రాయగడలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరైంది. తీగలు కలపడం, సోల్డరింగు చెయ్యడం అప్పుడు, ఆ వయసులో, చేతులు కాల్చుకుంటూ నేర్చుకుంది. తన ల్యాబ్‌లో ఆడపిల్లల చేత తీగలు పట్టించింది, మగపిల్లల చేత రాయించింది. “మా రాత బాగోదు మేడమ్” అని వాళ్లు గొణిగితే, “ఎలా బాగుంటాది? ఎవరైనా రాయనిచ్చేరా?” అని కసిరేది.

నిరుడు తొమ్మిదో తరగతి పద్మప్రియకి సోల్డరింగులో వేలు చురుక్కుమంది. మర్నాడే ఆ పిల్ల తండ్రి, బట్టల హోల్‌సేల్ వ్యాపారి మన్మథరావు, స్కూలుకొచ్చి పడ్డాడు.

“ఏటి మేడమ్ ఇది? ఆడపిల్ల సెయ్యి కాల్చేస్తారా?”

“మీ ఇంట్లో పెనం మీద కాల్తే కూడా ఇలాగే పరిగెత్తుకొస్తారా?”

“వంట నేర్చుకోవాల గదా!”

“ఇదీ నేర్చుకోవాల!” ఆమె గొంతు వరండా అంతా వినబడింది. “కాల్తాదని పొయ్యి మాన్పించరు. కాల్తాదని సదువెందుకు మాన్పిస్తున్నారు?”

మన్మథరావు విసురుగా హెడ్మాస్టరు గదిలోకి వెళ్లాడు. ఆయన స్కూలు కమిటీలో ఉన్నాడు. హెడ్మాస్టరు రోజారమణిని ల్యాబ్ నుంచి తప్పించి ఆరో తరగతికి పంపాడు. తీగలు మళ్లీ మగపిల్లల చేతికి వెళ్లిపోయాయి.

ఆమె ఊరుకోలేదు. ఇప్పుడు ఆదివారాలు తన వరండాలో పాత ఫ్యాన్లు, మిక్సీలు విప్పిస్తోంది. కొందరు ఆడపిల్లలు వస్తున్నారు. పద్మప్రియని మాత్రం తండ్రి రానివ్వలేదు.

మొన్న బజారులో మన్మథరావు ఎదురై నమస్కారం పెట్టాడు. ఆమె తిరిగి పెట్టలేదు.

“ఏటి మేడమ్, ఇంకా కోపమేనా?” అని నవ్వాడు.

“అవునండీ,” అంది రోజారమణి, “తగ్గనేదు.”